‘చేత్తో సానపట్టిన గొడ్డలి’ కొనేముందు ఇది చదవండి

గొడ్డలి, దానితో పాటు ఒక ఆకురాయి (లోహాన్ని అరగదీసే పళ్లున్న ఉక్కు పనిముట్టు), ఒక సానరాయి, ఒక చిన్న పుస్తకం కలిపి ‘నేర్చుకునేవారి సెట్టు’ అని అమ్ముతున్నారు. పెట్టె మీద ‘సంప్రదాయ కమ్మరి పని, పూర్తిగా చేత్తో సానపట్టినది’ అని ఉంటుంది. అలాంటిదొకటి కొన్నాను. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. పేరు చెబితే ఆ ఒక్కరి దగ్గర కొనడం మానేస్తారు, ఇదే సరుకు ఇంకో పేరుతో వస్తే కొనేస్తారు. లక్షణాలు చెబితే ఎవరు అమ్మినా పట్టుకోగలరు.

మా అమ్మాయికి సానపట్టడం నేర్పాలని కొన్నదిది. గొడ్డలిని బల్లకు బిగించి ఆకురాయి చేతికిచ్చాను. నాలుగు తోపులు తోసి ఆగిపోయింది. వాదర (పదును అంచు) మధ్యలో ఆకురాయి అతిగా దిగబడి ఉక్కును గీకేస్తోంది, పై మూలకు వచ్చేసరికి గాజు మీద గోరులా జారిపోతోంది. “నా చెయ్యే కుదరడం లేదు నాన్నా” అంది. కోణం మార్చింది, గట్టిగా అదిమింది, ఏం లాభం లేదు. నేను తీసుకుని తోసినా అంతే. చేతిలో లోపం లేదు, ఉక్కులోనే ఉంది.

ఎందుకలా అయిందో చెప్పాలంటే ఉక్కు సంగతి కొంచెం చెప్పాలి. మంచి గొడ్డలి వాదర గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో (ఉక్కు గట్టిదనం కొలిచే పద్ధతి, అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ) దాదాపు 50 నుంచి 58 మధ్య ఉంటుంది. మంచి ఆకురాయి 60 దాటి ఉంటుంది. అందుకే ఆకురాయి గొడ్డలిని కోస్తుంది, కానీ సులువుగా కోయదు, పట్టిపట్టి కోస్తుంది. ఆ పట్టు వాదర పొడవునా ఒకేలా ఉండాలి. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచి గట్టిపరుస్తాడు, తర్వాత మళ్లీ కొద్దిగా వేడిచేసి పెళుసుతనం తీస్తాడు. ఆ రెండో వేడిలోనే అసలు నేర్పంతా ఉంది. మామూలు కార్బన్ ఉక్కు సుమారు 220, 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డి పసుపు రంగు తేలుతుంది, 260 దగ్గర గోధుమ రంగు, 280 దగ్గర వంగపండు రంగు, 300 దగ్గర నీలం. వేడి ఎంత పైకి పోతే ఉక్కు అంత మెత్తబడుతుంది.

ఇప్పుడు కరెంటు గ్రైండర్ సంగతి. నిమిషానికి 3000 చుట్లకు దగ్గరగా తిరిగే పొడి చక్రానికి పల్చటి వాదరను ఆనిస్తే, ఆ వేడి పోవడానికి అక్కడ లోహం లేదు. క్షణాల్లో అంచు నీలమవుతుంది, అంతటితో కమ్మరి పడ్డ శ్రమ అంతా పోయినట్టే. ఇంకా ఎక్కువ కాలి ఎర్రబడి, వెంటనే నీళ్లలో ముంచితే ఆ చోటు మళ్లీ గట్టిపడుతుంది, కానీ పెళుసుగా. నా గొడ్డలి పై మూల అలాంటిదే. ఎండు కొమ్మ ముడి మీద వేటు పడగానే ఆ మూల గోటి మందాన ఊడిపోయింది. మధ్యభాగమేమో మెత్తబడి, ముడి తగిలిన చోటల్లా వంగింది. ఒకే గొడ్డలికి రెండు రోగాలు!

మరి నీలం రంగు కనపడలేదా అంటారు. కనపడదు, అసలు మోసం అక్కడే ఉంది. ఆ రంగు పైపైన పొర మాత్రమే. మెరుగు చక్రం మీద రెండుసార్లు పడితే పోతుంది, మెత్తదనం మాత్రం లోపలే ఉండిపోతుంది. తళతళలాడే వాదర చూసి మురిసిపోకండి. పైన వార్నిష్ కూడా పూసి ఉంటే అనుమానం ఇంకా పెంచుకోండి.

గీతలు చూస్తే కొంత తెలుస్తుంది. ఆకురాయితో చేసినదైతే గీతలు ఏటవాలుగా, కాస్త హెచ్చుతగ్గులుగా, అక్కడక్కడా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. చక్రం గీతలు వాదరకు అడ్డంగా, దువ్వినట్టు వరసగా ఉంటాయి. ఇంకో పరీక్ష, నాకు నమ్మకమైనది: వాదర వెనక ఏటవాలు మీద స్కేలు అంచును వాదరకు అడ్డంగా ఆనించి వెలుతురుకు పట్టుకోండి. మధ్యలో సందు కనిపిస్తే అది చక్రం తొలిచిన గుంట. చెయ్యి గుంట తియ్యదు, చదునుగానో కొంచెం ఉబ్బుగానో తీస్తుంది. గొడ్డలికి కావలసింది ఆ ఉబ్బే. చెక్కను పక్కకు నెడుతుంది, ఇరుక్కోనివ్వదు, అంచు వెనక దన్నుగా ఉంటుంది. (నీళ్లు పడుతూ నెమ్మదిగా తిరిగే పాతకాలపు సానచక్రాన్ని నేను తప్పుపట్టడం లేదు. అది ఉక్కును కాల్చదు.)

సెట్టులో మిగతా సరుకు గురించి ఎక్కువ చెప్పను. సానరాయి రెండు వైపులూ ఒకే గరుకు, అంటే రెండో వైపు ఉన్నా లేనట్టే. ఆకురాయికి పిడి లేదు, పిడి బిగించాల్సిన ఆ మొండి తోక జారితే నేరుగా అరచేతిలో దిగుతుంది. నేర్చుకునేవాళ్లకు అమ్మే వస్తువుకు పిడి లేకపోవడమేంటి? పుస్తకంలో ‘ఆకురాయిని ముందుకూ వెనక్కూ రుద్దండి’ అని రాశారు. ఆకురాయి పళ్లు ముందుకు తోసినప్పుడే కోస్తాయి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి, లేకపోతే పళ్లు మొద్దుబారతాయి. ఆకురాయి ఒక్కసారి పట్టినవాడెవడూ ఆ వాక్యం రాయడు.

ఫిర్యాదు చేస్తే మొదటి జవాబు: “చేతిపని కదండీ, ఒకటున్నట్టు ఇంకొకటి ఉండదు.” ఈ మాట దగ్గరే నాకు బాగా కోపం వచ్చింది. చేతిపనిలో ఆకారం తేడా రావచ్చు, గీత తేడా రావచ్చు. ఒకే వాదర మీద వేలెడు దూరంలో ఒకచోట మెత్తగా, ఒకచోట పెళుసుగా ఉండటం చేతిపని లక్షణం కాదు, కాలిపోయిన సరుకు లక్షణం. రెండో జవాబు ఇంకా బాగుంది: మీరు గొడ్డలికి ఆకురాయి పట్టారు కాబట్టి వాడినట్టే లెక్క, వెనక్కి తీసుకోం. ఆకురాయి సెట్టులో ఇచ్చింది వాళ్లే!

నాకు డబ్బు కన్నా పిల్ల వెనకడుగు వేసిందన్న బాధ ఎక్కువ. ఈ పని మాటలతో వచ్చేది కాదు. ఉక్కు పట్టుతున్నప్పుడు చేతికి తెలిసే బిగువు, జారినప్పుడు మారే చప్పుడు, వాదరను వెలుతురుకు తిప్పితే మొద్దు ఉన్నచోట తెల్లగా మెరిసే గీత, పదును వచ్చాక ఆ గీత మాయమవడం... వీటితోనే చెయ్యి నేర్చుకుంటుంది. మా నాన్న నాకు కోణం లెక్క చెప్పలేదు, ఆ మెరుపు చూపించాడు. అబద్ధం చెప్పే ఉక్కు ఇస్తే నేర్చుకునేవాళ్లు తమ చేతిని అనుమానిస్తారు.

కొనేవాళ్లు ముందే రాతపూర్వకంగా రెండు అడగండి. వాదరను దేనితో తీశారు? ఆకురాయి పెట్టి పరీక్షించాక కూడా వెనక్కి తీసుకుంటారా? రెండోదానికి నీళ్లు నమిలితే వదిలేయండి. సరుకు వచ్చాక పెట్టె విప్పడం వీడియో తీసి, వాదర రెండు మూలల్లోనూ మధ్యలోనూ ఆకురాయిని తేలిగ్గా ఒక్కొక్క తోపు తోయండి. మూడుచోట్లా పట్టు ఒకేలా ఉంటే సరే. అవకాశం ఉంటే, తలభాగం మంచి స్థితిలో ఉన్న పాత గొడ్డలే మేలు. వెనక దిమ్మ సమ్మెట దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే, కర్ర దూర్చే బెజ్జం దగ్గర పగులు ఉంటే మాత్రం వద్దు.

ఇప్పటికే కొనేసినవాళ్లు వెంటనే పారేయకండి. కాలినది తరచూ అంచు వరకే ఉంటుంది. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, పిడి ఉన్న ఆకురాయితో, అది జారిపోయే గట్టి చోట గరుకు సానరాయితో, అంచును మట్టంగా వెనక్కి తీసుకుంటూ పోండి. పట్టు అంతటా ఒకేలా అనిపించిన చోట ఆగి, అక్కణ్ణించి కొత్త వాదర కట్టండి. చెట్టు కొట్టేదానికి రెండు వైపులూ కలిపి సుమారు 25 డిగ్రీలు, మొద్దులు చీల్చేదానికి 30 దాటినా పర్వాలేదు. తర్వాత సానరాయితో గుండ్రంగా తిప్పుతూ గరుకు పోయేదాకా రెండు వైపులా రుద్దండి. ఎంత వెనక్కి తీసినా మెత్తగానే ఉంటే ఇక కమ్మరి కొలిమే దిక్కు, మళ్లీ గట్టిపరచాల్సిందే. మాది మధ్యలో దారికొచ్చింది, పై మూల ఇంకా తీయాలి. ఆ పని అమ్మాయే చేస్తోంది, ఈసారి పాత సానరాయితో.