పదహారేళ్లు నడిచిన మా ఇంటి కంప్యూటర్

మొన్న శ్రావణంలో పెళ్లి కార్డుల పని నెత్తి మీద ఉండగా మా కంప్యూటర్ ఆగిపోయింది. 2009లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 21,500 రూపాయలకు అసెంబుల్ చేయించుకున్నాం. క్యాబినెట్ నా ఒళ్లో, మానిటర్ మా ఆయన కాళ్ల దగ్గర పెట్టుకుని హన్మకొండ బస్సెక్కాం. ఇన్నాళ్లు అన్నం పెట్టిన వస్తువు గురించి రాయకుండా ఉండలేను.

కోర్ 2 డ్యుయో ఈ7400 ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్. ఇవాళ్టి లెక్కన చాలా తక్కువే. నా పనికి మాత్రం పేజీలు అమర్చే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్, తెలుగు అక్షరాలకు అనూ ఫాంట్లు ఉంటే చాలు. ఫోన్లలో, నెట్‌లో కనిపించే యూనికోడ్ తెలుగును పేజ్‌మేకర్ తీసుకోదు కాబట్టి, కంప్యూటర్‌లో కార్డులు, కరపత్రాలు తయారుచేసే మా డీటీపీ వాళ్లకు అనూ తప్పదు. విండోస్ ఎక్స్‌పీ మీద ఆ రెండూ ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావు కాబట్టి నేను నెట్ కనెక్షన్ తీసేసి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ప్రెస్సుకు పంపడం మొదలుపెట్టాను.

దీంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది, పోయిన భాగం ఒక్కటే మార్చుకునే వీలు. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ రెండుసార్లు పోయింది, రెండోసారి 750 అయింది. తేదీ వెనక్కి వెళ్లిపోతుంటే మదర్‌బోర్డు (భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు) మీది బిళ్లలాంటి సీఆర్2032 సెల్ కొత్తది వేస్తే సరిపోయేది. 2019లో ఆ బోర్డు మీద ప్రాసెసర్ పక్కన మూడు కెపాసిటర్లు (కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటివి) ఉబ్బాయి. ఏళ్ల తరబడి వేడికి లోపలి ద్రవం పాడై, గ్యాస్ పుట్టి పై రేకు అలా లేస్తుంది. 350 తీసుకుని కొత్తవి సోల్డరింగ్ చేసిచ్చాడు మా చౌరస్తా మెకానిక్. దాంతో ఇంకో ఆరేళ్లు నడిచింది!

ఇబ్బందులూ ఉన్నాయి. ఎండాకాలం క్యాబినెట్ పక్క రేకు తీసి, టేబుల్ ఫ్యాన్ పెట్టాల్సి వచ్చేది. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిందే. కరెంటు పోయినప్పుడల్లా ఫైల్ సేవ్ అయిందో లేదోనని ఎంత టెన్షన్ పడేదాన్నో.

ఈసారి బటన్ నొక్కితే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగింది. ర్యామ్ తీసి ఎరేజర్‌తో రుద్ది పెట్టినా అంతే. ఆ చౌరస్తా మెకానిక్ వేరే ఎస్ఎంపీఎస్ తగిలించి చూశాడు, మీటర్ పెట్టి చూశాడు. "అక్కా, బోర్డే షార్ట్ అయింది. సెకండ్ హ్యాండ్‌ది పద్దెనిమిది వందలకు దొరుకుతది. కానీ అది కూడా ఇంతే పాతది, ఎన్నాళ్లుంటదో నేను చెప్పలేను. పైసలు పెట్టకు" అన్నాడు. ఆ బోర్డు నాకు అంటగట్టి ఉంటే మారుమాట లేకుండా డబ్బులు ఇచ్చేదాన్ని. ఆ నిజాయితీకే ఇకముందూ ఏ రిపేరైనా అతని దగ్గరికే వెళ్తాను.

హార్డ్ డిస్క్ తీసి యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టించాను, 400 అయింది. పదహారేళ్ల కార్డులు, కరపత్రాలు, మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు అన్నీ ఉన్నాయి. మీ ఇంట్లో ఇంత పాతది నడుస్తుంటే, నడుస్తుండగానే ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి. నా డిస్క్ బాగుంది కాబట్టి సరిపోయింది.

కొత్త ల్యాప్‌టాప్‌లో పాత గుండ్రటి పిన్నుల కీబోర్డు పట్టదు. 250 పెట్టి కన్వర్టర్ కొన్నాను. అక్షరాలు అరిగినా నా వేళ్లకు ఆ మీటలే అలవాటు.