రైజోబియం, అజోస్పైరిల్లం, పీఎస్‌బీ: ఏళ్ల వాడకం తర్వాత ఏది ఏ చేనుకు

బాక్టీరియాతో తయారైన ఈ మూడు జీవన ఎరువులనూ నల్లరేగడిలోనూ ఎర్రనేలలోనూ వాడుతూ వచ్చాక మా అభిప్రాయం ఇది: కొనేముందు ఆ చేలో ఇంతకుముందు ఏ పంట వేశారో చూసుకోవాలి. ఫలితం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

రైజోబియం పప్పుజాతి మొక్కల వేర్లకు బుడిపెలు కట్టించి, వాటిలో గాలిలోని నత్రజనిని మొక్కకు అందేలా చేస్తుంది. పేరు ఒకటే గానీ లోపలి బాక్టీరియా ఒకటి కాదు. శనగకు మీసోరైజోబియం, సోయాకు బ్రాడీరైజోబియం జపానికం. పెసర, మినుము, కంది, వేరుశనగలకు వేరే బ్రాడీరైజోబియం తెగలు. ఈ చివరి తెగలు మన నేలల్లో ముందే దండిగా ఉంటాయి. ప్యాకెట్‌లోంచి వచ్చినవి వాటితో పోటీపడి వేరులోకి చేరలేవు. అందుకే ఏటా వేరుశనగ వేసే చేలో విత్తనానికి రైజోబియం పట్టించినా పెద్దగా తేడా కనిపించదు. మొదటిసారి సోయా వేసే చేలో మాత్రం పట్టించి తీరాలి. పట్టించని సాళ్లలో బుడిపెలే కట్టవు, ఆకు పసుపుబారుతుంది. శనగ కొత్తగా వేసే చేనుదీ ఇదే లెక్క.

10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పొడి. 300 మి.లీ. నీళ్లలో 30 గ్రాముల బెల్లం మరిగించి, పూర్తిగా చల్లారాకే పొడి కలపాలి. విత్తనాన్ని పట్టా మీద పోసి మెల్లగా కలపండి. తడి ఎక్కువైనా గట్టిగా రుద్దినా సోయా, వేరుశనగ పొట్టు ఊడిపోయి మొలక దెబ్బతింటుంది. నీడన ఆరబెట్టి అదే రోజు విత్తేయాలి. శిలీంద్రనాశని పట్టించేదుంటే ముందురోజే పట్టించాలి, రైజోబియం చివర. రాగి మందులైతే అసలు వద్దు, బాక్టీరియా చచ్చిపోతుంది.

పనిచేసిందో లేదో నెల రోజులకు చూడండి. మొక్కను పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. పారతో మట్టిగడ్డతో సహా తీసి, బకెట్ నీళ్లలో కడగాలి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే నత్రజని తయారవుతున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లాభం లేదు. తల్లివేరు పైభాగంలో గుత్తిగా ఉన్నవి చాలామటుకు మనం పట్టించినవి. పక్కవేర్ల మీద చెదురుగా ఉన్నవి నేలలోవి. యూరియా ఎక్కువ వేస్తే మొక్కకు బుడిపెల అవసరమే ఉండదు, కట్టడం తగ్గిపోతుంది. అపరాలకు విత్తేటప్పుడు ఎకరాకు 8 కిలోల నత్రజని చాలు.

వరి లాంటి పంటల వేర్ల దగ్గర ఉండి నత్రజని అందించే అజోస్పైరిల్లం మీద అంత ఆశ పెట్టుకోవద్దు. వరి నారు వేర్లను నాటే ముందు అది కలిపిన నీళ్లలో ముంచితే పిల్లవేర్లు బాగా వస్తాయి. దాన్ని నమ్ముకుని యూరియాలో నాలుగో వంతుకు మించి కోయకండి. పీఎస్‌బీ (భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా) నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని ఆమ్లాలతో కరిగిస్తుంది, కొత్తగా భాస్వరం పుట్టించదు. ఎకరాకు 2 కిలోలు, 100 కిలోల చివికిన పశువుల ఎరువులో కలిపి తడి నేల మీద చల్లితేనే ఉపయోగం. సేంద్రియ పదార్థం లేని నేలలో దానికి తిండి దొరకదు.

కొనేటప్పుడు పంట పేరు, తయారీ తేదీ, గడువు చూడండి. ప్రమాణం ప్రకారం పొడిలో గ్రాముకు 5 కోట్లు, ద్రవంలో మి.లీ.కు 10 కోట్ల బతికున్న కణాలుండాలి. రేకుల షెడ్డులో వేసవంతా ఉన్న ప్యాకెట్‌కు గడువు మిగిలే ఉన్నా తీసుకోకండి.