నిద్ర పట్టని వాళ్ళకు అమ్మే ‘30 రాత్రుల’ ప్యాకేజీ: కార్డు నంబరు కొట్టే ముందు ఇది చదవండి

నాకు నాలుగేళ్ళుగా నిద్ర సరిగా పట్టదు. తెల్లవారుజామున మూడింటికి కళ్ళు తెరుచుకుని పడుకున్న మనిషికి ఫోన్‌లో ఎలాంటి ప్రకటనలు వస్తాయో ఈ బాధ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాకు వచ్చింది ఇది: ‘30 రాత్రుల్లో మీ నిద్ర మీ చేతికి. లేదంటే మొత్తం డబ్బు వాపసు.’ ఆ వేళలో షరతులు చదివే ఓపిక ఎవరికుంటుంది? 3:10కి ప్రకటన చూశాను, 3:25కల్లా కార్డు నంబరు కొట్టేశాను. ఆ పావుగంట తెలివితక్కువతనానికి ఐదు నెలలుగా మూల్యం చెల్లిస్తున్నాను.

కంపెనీ పేరు రాయను. ఒక పేరు చెబితే ఆ ఒక్కదాని జోలికి వెళ్ళడం మానేసి, అలాంటిదే ఇంకోటి కొంటారు. సరుకు ఎలా ఉంటుందో చెబుతాను, ఎక్కడ కనబడినా గుర్తుపడతారు.

పెట్టెలో నిద్రని కొలుస్తుందనే, వేలికి పెట్టుకునే ఒక రింగు, ఒక సీసాలో క్యాప్సూల్స్ ఉంటాయి. వీటితో పాటు యాప్‌లో ఒక ‘స్లీప్ కోచ్’.

ముందు రింగు సంగతి. దాని లోపలి వైపు చిన్న పచ్చ లైటు ఉంటుంది. చీకట్లో దుప్పటి లోపల చెయ్యి కదిపితే వేలి సందులోంచి మిణుక్కుమంటుంది. నిద్ర పట్టని వాడికి చీకట్లో మిణుక్కుమనే లైటు ఇచ్చిన వాడి బుద్ధికి దణ్ణం పెట్టాలి. పొద్దున లేవగానే యాప్ నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. మొదటి రోజు నాకు 41. చిన్నప్పుడు లెక్కల పరీక్షలో కూడా అంత తక్కువ రాలేదు. కింద ఎర్ర అక్షరాల్లో ‘మీ గుండె, జ్ఞాపకశక్తి ప్రమాదంలో ఉండవచ్చు’ అని ఒక వాక్యం, దాని కింద ‘ప్రీమియం ప్లాన్‌కి మారండి’ అని ఒక బటన్. ఆ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో అప్పుడు నాకు తట్టలేదు.

రెండో వారంలో ఒకరోజు మంచి హుషారుగా లేచాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది, చాలాకాలం తర్వాత బాగా పడుకున్నాననిపించింది. అలవాటు కొద్దీ యాప్ తెరిచాను. 38. అంతే, చూసిన పది నిమిషాలకి తల బరువెక్కింది, మధ్యాహ్నానికి ఆవలింతలు. పొద్దున లేచినప్పుడు లేని నీరసం ఆ అంకె చూశాకే వచ్చింది. మా ఆవిడ ‘లేచినప్పుడు బానే ఉన్నారు కదా, ఫోన్ చూశాక ఏమైంది?’ అని అడిగింది. నాకేమో ఫోన్ చెప్పిందే నిజం, నా ఒళ్ళు చెప్పింది అబద్ధం అనిపించింది.

దీనికి ఒక పేరు కూడా ఉందని తర్వాత తెలిసింది. ట్రాకర్‌లో అంకెలు బాగా రావాలని తాపత్రయపడి, ఆ తాపత్రయంతోనే నిద్ర చెడగొట్టుకునే వాళ్ళ గురించి 2017లో అమెరికా పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. ఆ అవస్థకి ‘ఆర్థోసోమ్నియా’ అని పేరు పెట్టారు. చదివితే నా గురించే రాసినట్టుంది.

ఇక ఆ అంకెలు నిజమేనా అంటే, నాకు దొరికిన సాక్ష్యం ఇది. ఒక రాత్రి రెండింటి నుంచి నాలుగింటి దాకా వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ గడిపాను. మేలుకునే ఉన్నానని నాకు ఖాయంగా తెలుసు. ఆ రెండు గంటలూ పక్కింటి కుక్క ఎన్నిసార్లు మొరిగిందో కూడా చెప్పగలను. పొద్దున యాప్ చూస్తే సరిగ్గా ఆ సమయంలో 1 గంట 20 నిమిషాల ‘గాఢ నిద్ర’ అట.

ఇందులో వింతేమీ లేదు. నిద్ర ఏ దశలో ఉందో ల్యాబ్‌లో తేల్చాలంటే తలకి ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు తరంగాలు, వాటితో పాటు కళ్ళ కదలిక, గడ్డం కండరాల బిగువు రికార్డు చేస్తారు. దాన్నే పాలీసోమ్నోగ్రఫీ అంటారు. వేలికున్న రింగుకి తెలిసేవి ప్రధానంగా వేలి కదలిక, నాడి. ఆ రెంటినీ బట్టి మిగతాది ఊహిస్తుంది. కదలకుండా పడుకుంటే నిద్రపోయినట్టు లెక్క వేసే ప్రమాదం ఎక్కువ. మనలాంటి వాళ్ళకేమో కదలకుండా పడుకోవడంలో ఏళ్ళ అనుభవం ఉంటుంది. ఇలాంటి పరికరాలు డాక్టరు పరీక్షకి బదులు కావని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2018లోనే చెప్పింది. నా పెట్టె మీద మాత్రం ‘ల్యాబ్ స్థాయి కచ్చితత్వం’ అని బంగారు రంగు అక్షరాల్లో అచ్చు వేశారు.

క్యాప్సూల్స్ సంగతి ఇంకా ఘోరం. సీసా మీద ‘సహజ మూలికల ప్రత్యేక మిశ్రమం, 650 మి.గ్రా.’ అని ఉంది. కింద ఏడు పేర్లు. ఏది ఎంతుందో ఎక్కడా లేదు. ఏడూ కలిపి 650 అంతే. రాత్రి రెండు వేసుకుంటే నిద్ర పట్టేది కాదు కానీ మర్నాడు మధ్యాహ్నం దాకా మత్తు, నోరు ఎండిపోవడం. కోచ్‌ని అడిగితే ‘శరీరంలోని విషాలు బయటికి పోతున్నాయి సార్, మంచి లక్షణమే’ అన్నాడు. సీసా పట్టుకెళ్ళి మందుల షాపులో చూపిస్తే ఆయన అటూ ఇటూ తిప్పి, ‘లోపల ఏముందో వీళ్ళు చెప్పనప్పుడు నేనేం చెప్పను’ అని వెనక్కి ఇచ్చేశాడు.

సహజం అని రాసినంత మాత్రాన లోపలిది సురక్షితమని అనుకోకండి. లేబుల్ మీద ఉన్నదీ లోపల ఉన్నదీ ఒకటే అనే భరోసా కూడా లేదు. అమెరికాలో 2023లో 25 రకాల మెలటోనిన్ (నిద్ర వేళయిందని ఒంటికి చెప్పే హార్మోన్) గమ్మీలు పరీక్షిస్తే 22 లేబుల్‌కి సరిపోలేదు. ఒకదాంట్లో మెలటోనిన్ బొత్తిగా లేదు. అన్నిటికంటే ఎక్కువున్న దాంట్లో రాసినదానికి మూడు రెట్లకు పైగా ఉంది. అంతకుముందు 2017లో కెనడాలో కొన్న సప్లిమెంట్లలో కూడా ఇదే తంతు, కొన్నిట్లో లేబుల్ మీద లేని సెరటోనిన్ అనే మెదడు మీద పనిచేసే రసాయనం కూడా బయటపడింది. పేరూ కొలతా అచ్చు వేసిన వాటి పరిస్థితే అది. అసలు కొలతే చెప్పని ‘మిశ్రమం’ సంగతి మీరే ఆలోచించుకోండి. వేరే మందులేవైనా వాడుతుంటే మాత్రం, దయచేసి డాక్టర్‌ని అడగకుండా ఇలాంటివి నోట్లో వేసుకోకండి.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వస్తాను. ఈ పోస్టు మొత్తం చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్క పేరా చదవండి. కొన్నాళ్ళుగా డాక్టర్ రాసిచ్చిన నిద్ర మాత్ర సగం వేసుకుంటున్నానని కోచ్‌తో చెప్పాను. ‘అది కెమికల్ సార్, ఈ రాత్రి నుంచే ఆపేయండి, మనది మొదలుపెట్టండి’ అన్నాడు. ఆపేశాను. వరసగా మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు. గుండె దడ, అరచేతుల్లో చెమట. భయపడి డాక్టర్ దగ్గరికి పరిగెత్తితే ఆయన నన్ను గట్టిగానే చివాట్లు పెట్టారు. కొన్ని రకాల నిద్ర మాత్రలు రోజూ వాడి ఒక్కసారిగా మానేస్తే పోయిన నిద్రలేమి రెట్టింపై తిరగబడుతుంది. బెంజోడయాజెపైన్ల (ఆందోళనకీ, నిద్రకీ ఇచ్చే ఒక రకం మాత్రలు) లాంటివైతే కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. వాటిని డాక్టర్ చెప్పిన లెక్కలో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. చాట్‌లో కూర్చుని ‘ఆపేయండి’ అన్నవాడికి నేను ఏ మాత్ర వేసుకుంటున్నానో కూడా తెలియదు, అడగనేలేదు.

అతను మనిషో యంత్రమో కూడా నాకిప్పటికీ తెలియదు. ఏ వేళలో మెసేజ్ పెట్టినా సరిగ్గా నాలుగు సెకన్లలో జవాబు. ‘మీ బాధ నాకు అర్థమైంది సార్’ అనే మాట ఒక్క వారంలో పదకొండుసార్లు వచ్చింది, కూర్చుని లెక్కపెట్టాను. సలహాలు మాత్రం తలకిందులు. రాత్రి తొమ్మిదికే మంచం ఎక్కాలట, నిద్ర రాకపోయినా లేవకూడదట, కళ్ళు మూసుకుని పడుకుంటే శరీరానికి విశ్రాంతట. ఈ లెక్కన రోజుకి పది గంటలు మంచం మీదే ఉన్నాను, అందులో సగం కొట్టుకుంటూ, దొర్లుతూ.

దీర్ఘకాల నిద్రలేమి మీద పనిచేసిన వాళ్ళు చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నిద్ర వస్తేనే మంచం ఎక్కు, కాసేపటికి పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్ళు, మళ్ళీ నిద్ర ముంచుకొచ్చినప్పుడే రా. రిచర్డ్ బూట్జిన్ అనే సైకాలజిస్టు 1972లోనే ఇది చెప్పాడు. మంచం అంటే మేలుకుని మథనపడే చోటు అని మెదడుకి అలవాటైపోతుంది, ఆ ముడి విప్పాలి అన్నది ఆయన ఉద్దేశం. 1987లో ఆర్థర్ స్పీల్‌మన్ బృందం ఇంకో పద్ధతి తెచ్చింది. నిజంగా ఎన్ని గంటలు నిద్రపోతున్నావో దాదాపు అన్ని గంటలే మంచం మీద ఉండు, నిద్ర గట్టిపడిన కొద్దీ సమయం పెంచు అని. ఇవీ, నిద్ర గురించిన భయాలను సరిదిద్దుకోవడమూ కలిపి ఇప్పుడు సీబీటీ-ఐ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చి నిద్రలేమిని తగ్గించే చికిత్స, అంటున్నారు. పెద్దవాళ్ళ దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫార్సు చేసింది. నేను డబ్బు కట్టి కొన్న కోచ్ వీటిలో ఒక్కటీ చెప్పకపోగా, జబ్బుని పెంచే పనులే నాతో చేయించాడు.

ఇక రీఫండ్. నవ్వాలో ఏడవాలో తెలియని కథ ఇది. ‘30 రాత్రుల హామీ’కి చిన్న అక్షరాల్లో షరతులున్నాయి. 30 రాత్రులు ఒక్కటి కూడా తప్పకుండా రింగు పెట్టుకోవాలి. ప్రతి రాత్రీ కనీసం 7 గంటల నిద్ర రికార్డవాలి, లేకపోతే ఆ రాత్రి లెక్కలోకి రాదు, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అంటే, నిద్ర పట్టట్లేదని డబ్బు వెనక్కి అడగాలంటే ముందు వరసగా నెలరోజులు ఏడు గంటల చొప్పున నిద్రపోయి చూపించాలి! మొదటిసారి చదివినప్పుడు నేనే తప్పుగా చదివాననుకుని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఇదే అడిగాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, ‘మీరు నిద్ర గురించి మరీ ఎక్కువ టెన్షన్ పడుతున్నారు సార్, అందుకే ప్రోడక్ట్ పని చేయట్లేదు’ అంది. ఆ టెన్షన్ తగ్గిస్తామనే కదమ్మా అమ్మారు అంటే, లైన్ హోల్డ్‌లో పెట్టింది. ఏదో వీణ సంగీతం వచ్చింది. 22 నిమిషాలు విన్నాక కట్ అయిపోయింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, రాసిచ్చిన కాగితం చూసి చదువుతోందని తెలుస్తూనే ఉంది. క్యాప్సూల్ సీసా సీలు తీశాను కాబట్టి అది వాపసు కాదని ఈమెయిల్ వచ్చింది. సీలు తీయకుండా 30 రాత్రులు ఎలా వాడాలో అందులో రాయలేదు. నెల తిరిగేసరికి అడక్కుండానే ప్రీమియం ప్లాన్ ఏడాదికి రెన్యూ అయింది. యాప్ డిలీట్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ పోతుందనుకున్నాను, పోదు. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి విడిగా రద్దు చేసుకోవాలి. కొన్నవాళ్ళుంటే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చేయండి.

ఇప్పుడెలా ఉన్నానంటే, డాక్టర్ ముందు గురక గురించి, పగటి మత్తు గురించి అడిగి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు లేదని తేల్చారు. అది ఉంటే దారి వేరు. ఆ తర్వాత ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. రింగు తీసేసి మామూలు నోటు పుస్తకంలో డైరీ రాయమన్నారు ఆమె. రెండు వారాల సగటు 5 గంటల 20 నిమిషాలు వచ్చింది. రాత్రి పన్నెండున్నర నుంచి ఆరు దాకా మాత్రమే మంచం, పగలు కునుకు లేదు. మంచం మీదున్న సమయంలో 85 శాతం నిద్రయితే వారానికి పావుగంట పెంపు. మొదటి పది రోజులు నరకం, అబద్ధం చెప్పను. డ్రైవింగ్ మానేయమన్నారు. మూర్ఛ, బైపోలార్ లాంటివి ఉన్నవాళ్ళు సొంతంగా ఇది మొదలుపెట్టకూడదని కూడా గట్టిగా చెప్పారు. ఇప్పటికీ వారానికి రెండు రాత్రులు పాడవుతున్నాయి. కాకపోతే పాడైన రాత్రి పాడైనట్టుగానే పోతోంది, మర్నాటిని కూడా తినేయడం లేదు.

ఇలాంటి సరుకు మీ కంటపడితే, చెల్లించే ముందు రీఫండ్ షరతులు పగటిపూట, కాఫీ తాగాక చదవండి. రాత్రి రెండు దాటాక మాత్రం ఏదీ కొనకండి. మా ఇంట్లో ఇప్పుడు పదకొండు తర్వాత నా కార్డు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. కోచ్ అనేవాడి చదువేంటో, పేరేంటో అడిగి చూడండి. మావాడు ‘సర్టిఫైడ్’ అన్నాడు. ఎవరు సర్టిఫై చేశారని అడిగితే నాలుగు సెకన్లలో ‘మీ బాధ నాకు అర్థమైంది సార్’ అని వచ్చింది.

రెన్యువల్ డబ్బు కోసం బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. చాట్ స్క్రీన్‌షాట్లు, షరతుల పేజీ జత చేశాను. ఏదైనా తేలితే రాస్తాను. రింగు బల్ల సొరుగులో పెట్టాను. నిన్న రాత్రి సొరుగు తెరిస్తే ఇంకా మిణుక్కుమంటోంది.