నాలుగు మూలల వజ్రానికి నమ్మకమైన పట్టు: పాట్ మార్కెట్‌లో నేను చేయించుకున్న సెట్టింగ్ పని

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో, నగల దుకాణాల వెనుక సందులో, మేడ మీది చిన్న గదిలో రాళ్లు పొదిగే ఒక పెద్దాయన ఉన్నారు. గదికి పేరు పలక కూడా లేదు. చుట్టుపక్కల దుకాణాలవారే తమ పనులు ఆయనకు పంపుతుంటారు. అక్కడ తిరిగి పొదిగించుకున్న ఉంగరాన్ని నాలుగు నెలలుగా రోజూ వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఉంగరంలో ఉన్నది 50 సెంట్ల, అంటే అర క్యారెట్, ప్రిన్సెస్ కట్ (నలుచదరంగా, మూలలు పదునుగా ఉండేలా కోసిన) వజ్రం. దానిని మొదట కొన్నది ఒక పెద్ద షోరూమ్‌లో. రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కేలను ప్రాంగ్‌లంటారు. గుండ్రని రాళ్లకు వేసే సన్నని ప్రాంగ్‌లనే నాలుగు మూలల మీదికి వంచి ఇచ్చారు. రెండేళ్లకు ఒక ప్రాంగ్ లేచి పట్టుచీర పోగులు లాగడం మొదలుపెట్టింది. తీసుకువెళితే పది నిమిషాలలో నొక్కి ఇచ్చేశారు. ఇంటికి వచ్చి భూతద్దంతో చూసుకుంటే ఆ మూల చిన్న పెచ్చు ఊడి ఉంది. అడిగితే, "వజ్రం విరగడమేమిటి మేడమ్, మీరే ఎక్కడో తగిలించుకుని ఉంటారు" అన్నారు.

వజ్రం విరుగుతుంది. ఈ సంగతి కొనేవారికి ఎవరూ చెప్పకపోవడమే నా బాధ. గీతలు పడకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో 10వ స్థానంలో ఉన్నా, వజ్రపు స్ఫటికంలో నాలుగు దిశలలో సులభంగా చీలే తలాలు ఉంటాయి. పదునైన మూల మీద లోహం బలంగా నొక్కినప్పుడు పెచ్చు లేవడానికి అది చాలు. ఆషర్, రేడియంట్ అనే వేరే కట్‌లలో మూలలను ముందే ఏటవాలుగా కోసేస్తారు కాబట్టి అంత భయం లేదు. ప్రిన్సెస్ కట్ అందమంతా ఆ కోయని మూలలలోనే ఉంది, దాని బలహీనత కూడా అక్కడే ఉంది.

పెద్దాయన ఉంగరం చూడగానే, "ప్రాంగ్ లేవడం తరువాతి మాటమ్మా, అసలు రాయికి గూడే సరిగా కోయలేదు" అన్నారు. మూల పెచ్చును సూరత్ పంపి సానపట్టించవచ్చుననీ, అయితే రాయి బరువు తగ్గుతుందనీ, కొత్తగా వేసే V ఆకారపు ప్రాంగ్ కింద ఆ పెచ్చు మరుగున పడుతుందనీ వివరించి నిర్ణయం నాకే వదిలారు. నేను రెండోదే ఎంచుకున్నాను. 18 క్యారెట్ల బంగారంతో V ప్రాంగ్‌ల కొత్త తల (రాయి కూర్చునే పై భాగం) చేసి, రాయి లేకుండానే ఉంగరానికి అతికించారు. 22 క్యారెట్లది మెత్తన గనుక ఇంత చిన్న పట్టుకు పనికిరాదన్నారు.

పొదిగిన రోజు పక్కనే కూర్చుని చూశాను. ఉంగరాన్ని లక్క కర్రకు బిగించి, ప్రతి ప్రాంగ్ లోపలి వైపున రాయి అడుగు వాలుకు సరిపడా గాడి కోశారు. ప్రాంగ్ మందంలో సగానికి మించి కోయకూడదన్నది ఆయన నియమం. ఆపైన చేసిన పనే షోరూమ్‌వారు వదిలేసిన పని. V మడత లోపల, సరిగ్గా మూల కొన వచ్చేచోట, లోహాన్ని తొలిచే సన్నని గుండ్రటి బర్‌తో ఆవగింజలో సగమంత గుంట చేశారు. రాయి అంచులు రెండు వైపులా బంగారం మీద ఆనుతాయి, కొన మాత్రం ఆ గుంటలో దేనికీ తగలకుండా నిలుస్తుంది. రాయిని దించి, మట్టంగా కూర్చుందో లేదో నాలుగు పక్కల నుంచి చూసి, రెండుసార్లు బయటికి తీసి గాడిని సరిచేశారు. బిగించడం కూడా ఒక మూల, దాని ఎదురు మూల, మళ్లీ మిగిలిన రెండు, ఇలా కొద్దికొద్దిగా. ఏ ప్రాంగ్‌నూ ఒక్కసారిగా వంచలేదు. ఒత్తిడి అంచుల మీదికే వెళ్లాలి, కొన మీదికి వెళ్లకూడదు.

రాయి ఇచ్చేటప్పుడు, తిరిగి తీసుకునేటప్పుడు, దాని నడుము మీద లేజర్‌తో చెక్కిన సంఖ్యను పదిరెట్లు పెద్దది చేసే లూప్‌తో సర్టిఫికెట్‌తో పోల్చుకున్నాను. ఆయన నొచ్చుకోలేదు, తానే లూప్ అందించారు. చెవి దగ్గర పెట్టి వేలితో తడితే శబ్దం లేదు, సూదితో కదిపితే కదలిక లేదు.

లోపాలు కూడా చెప్పాలి. వారంలో ఇస్తామన్నది పదకొండు రోజులు పట్టింది. రశీదు అడిగితేనే, అదీ రాయి బరువు మాత్రం వేసి, చీటీ రాసిచ్చారు. ఇంత విలువైన వస్తువుకు అది చాలదు. V ప్రాంగ్‌లు మూలలను కప్పడం వల్ల రాయి మునుపటికన్నా ఒక పిసరు చిన్నదిగా కనిపిస్తుంది. ఒక ప్రాంగ్ అంచు కాస్త గరుకుగా మిగిలి దూదికి పట్టుకుంటుంటే మళ్లీ వెళ్లాను; దానిని నునుపు చేసి డబ్బు తీసుకోలేదు.

మజూరీ 2,500 రూపాయలు, బంగారం ఖరీదు వేరు. ఆరు నెలలకోసారి తెచ్చి చూపించమన్నారు, అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగించే ముందు తప్పనిసరిగా పట్టు చూపించమన్నారు. ప్రిన్సెస్ కట్ కొనబోయేవారు ఏ దుకాణంలోనైనా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మూల కొన కింద ఖాళీ వదిలారా? మా చెల్లెలి దుద్దులకు అదే ప్రశ్న వేస్తే అమ్మే అబ్బాయి లోపలికి వెళ్లి అడిగి వచ్చి, "తెలియదండీ" అన్నాడు. ఆ దుద్దులు ఇప్పుడు ఈ పెద్దాయన దగ్గరే ఉన్నాయి.