అనంతపురంలో లేడీస్ జిమ్, మూడు నెలల తర్వాత నా రివ్యూ (5కి 2 స్టార్లు)

మూడు నెలల ప్యాకేజీ నిన్నటితో అయిపోయింది, అందుకే రాస్తాండా. పేరు రాయను, ఊళ్లో మళ్లీ మొహాలు చూసుకోవాల కదా. ఫీజు మూడు నెలలకి 3,600. ఏసీ బాగుంది, బాత్రూమ్ నీట్‌గా ఉంది (నవ్వద్దు, అంతకు ముందు చేరిన జిమ్‌లో ఆడవాళ్లకి బాత్రూమే లేదు). మన మే ఎండలకి ఆ ఏసీ కోసమైనా పోవచ్చు. ప్లస్సులు అయిపోయినాయి.

లేడీస్ సెక్షన్ అని పైన ఒక రూము. పింక్ గోడలు, రెండు ట్రెడ్‌మిల్లులు, మ్యాట్లు, ఒక రాక్ నిండా పింక్ డంబెల్స్, అవి ఒక కిలో, కిలోన్నర, రెండు కిలోలు. అంతకు మించి కావాలంటే కింద మగవాళ్ల ఫ్లోర్‌లో ఉంటాయి, మా టైమింగ్‌లో ఆ ఫ్లోర్‌కి తాళం. మొదటి రోజే ట్రైనర్ పిల్లోణ్ణి అడిగినా, తమ్ముడూ ఐదు కిలోలది ఒకటి తెచ్చియ్యి అని. "వద్దులేక్కా, చేతులు లావైతాయి, మగోళ్ల మాదిరి అయిపోతారు, లేడీస్ బాడీ డెలికేట్ కదా" అన్నాడు. పిల్లోడు మంచోడే, మర్యాదగానే అన్నాడు, ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్ల ఒంట్లో టెస్టోస్టిరాన్ (కండలు పెంచే హార్మోన్) ఎంత ఉంటాదని, ఐదు కిలోలకే కండలు తిరిగేట్లుంటే మా వీధి కొళాయి కాడ బిందెలు మోసినోళ్లంతా ఈ పాటికి పహిల్వాన్లు అయ్యుండాల. డబ్ల్యూహెచ్ఓ వాళ్లు పెద్దవాళ్లందరినీ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలం వచ్చే ఎక్సర్‌సైజ్ చెయ్యమంటారు, ఆడవాళ్లు తప్ప అని దాంట్లో ఎక్కడా లేదు.

ఆ మరుసటి రోజు పొద్దున గ్యాస్ బండ వచ్చింది. లోపల గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బండే 15 కిలోల పైన, అంతా కలిపి 30 కిలోలు. డెలివరీ అబ్బాయి గేటు కాడ దించి పోయినాడు, నేను అంచు మీద దొర్లించుకుంటా వచ్చి గడప కాడ రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టినా, మా ఆయన పేపర్ పక్కకి జరిపి దారి ఇచ్చినాడు. ఇది పదిహేనేండ్లుగా జరుగుతాండేదే, దాన్ని ఎవరూ బరువు అనలేదు. 11 గంటలకి జిమ్‌కి పోయి కిలో డంబెల్ పట్టుకున్నా.

అసలు ఈ డెలికేట్ కథ నాకు కొత్త కాదు. పెళ్లిచూపులప్పుడు మాయమ్మ "మా పిల్ల భలే సుకుమారం, బిందె కూడా ఎత్తనియ్యం" అని చెప్పింది. ఆ వారమంతా నేను చేన్లో చెనిక్కాయ పెరికినా, అరచేతులు పొక్కులు, కాఫీ గ్లాసుల ట్రే పట్టుకుంటే మండతాండాయి. వాళ్లకి కనపడకుండా చేతులు చీర కొంగులో పెట్టుకొని కూర్చున్నా.

ఎస్‌కే యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీష్ చేసినప్పుడు మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ అని ఒకామె పాఠం ఉండేది. 1792లో ఇంగ్లాండ్‌లో రాసింది, ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి నాజూకుతనమే అందం అని నేర్పితే ఒంటికీ బుద్ధికీ బలం రాదు, పనులు గడుసుతనంతో చేయించుకోవడం అలవాటైతాది అని. అప్పుడు పరీక్ష కోసం బట్టీ కొట్టినా. ఈ మూడు నెలల్లో అర్థమైంది, ఆమె చెప్పింది నా గురించే. ఆఫీసులో ఫైళ్ల డబ్బా జరపాలంటే "నడుము నొప్పి అన్నా, కొంచెం చూడన్నా" అని అటెండర్‌ని పిలుస్తా. నాకు నడుము నొప్పి లేదు, ఎప్పుడూ లేదు. ఆయనకి యాభై ఆరు, మోకాళ్లు అరిగినాయి. మోసేది ఆయన, సుకుమారం నాది.

రెండో నెలలో ఒక మంచి జరిగింది. పిల్లోడు లీవ్ పెడితే నాలుగు రోజులు ఒక ట్రైనీ పాప వచ్చింది, కింద ఫ్లోర్ తాళం తీయించి మా అందరికీ డెడ్‌లిఫ్ట్ (నేల మీద బరువుని వంగి పట్టుకొని లేచి నిలబడేది) నేర్పింది, కాళ్లతో ఎత్తు, నడుముతో కాదు అని. నాలుగో రోజు 40 కిలోలు లేపినా. నా పక్కనుండే ఆంటీకి యాభై దాటినాయి, ఆమె 30 లేపి కింద పెట్టి ఏడ్చేసింది, ఎందుకో ఆమెకే తెలీదు. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి మెడల్ తెచ్చిందని ఆ పాపే చెప్పింది, జిమ్ గోడల మీద మాత్రం ఒక్క ఆడమనిషి ఫోటో లేదు. ఐదో రోజు పిల్లోడు వచ్చినాడు, మళ్లీ తాళం.

ఒక స్టార్ బాత్రూమ్‌కి, ఒకటి ఆ పాపకి. రెన్యువల్ చెయ్యమని పొద్దున వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినారు, పింక్ డంబెల్ బొమ్మతో. వారానికి మూడు రోజులు కింద తాళం తీస్తే ఇప్పుడే డబ్బులు కొడతా అని రిప్లై ఇచ్చినా. బ్లూ టిక్ పడింది, జవాబు లేదు.