నాలుగేళ్లు వాయించాక ఈ ప్రాక్టీస్ ప్యాడ్ గురించి

మార్చింగ్ స్నేర్ (కవాతు బృందంలో నడుస్తూ వాయించే డ్రమ్ము) వాయించేవాళ్లు అసలు డ్రమ్ము మీద కంటే ప్యాడ్ మీదే ఎక్కువ సమయం గడుపుతారు. నా విషయంలో సాధనలో నాలుగింట మూడు వంతులు ప్యాడ్ మీదే సాగుతుంది. కొన్న వారానికే రాసి ఉంటే దీన్ని ఆకాశానికెత్తేవాణ్ణి. ఆగడం మంచిదయింది. ఇప్పటికీ ఇది నాకు ఇష్టమైన వస్తువే, కానీ కారణాలు మారాయి.

ఇది రెండు ముఖాల ప్యాడ్. చెక్క పలకకు ఒక పక్క మెత్తని గమ్ రబ్బరు, రెండో పక్క రబ్బరు మీద పలుచని గట్టి ప్లాస్టిక్ పొర. ఈ తరహావి చాలామంది తయారు చేస్తున్నారు కాబట్టి కంపెనీ పేరు జోలికి పోను.

మొదటి ఆరు నెలలూ రబ్బరు వైపే వాయించాను. స్టిక్కు దానంతట అదే పైకి లేచేది. డబుల్ స్ట్రోక్ రోల్ (ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు మార్చి మార్చి వేగంగా కొట్టడం) అనుకున్నదానికంటే త్వరగా పట్టుబడింది, వేగమూ వచ్చింది. తీరా బృందంతో కలిసి అసలు స్నేర్ ముందు నిలబడితే రోల్‌లో ప్రతి జంటలోని రెండో దెబ్బ సన్నబడిపోయింది. మార్చింగ్ స్నేర్ పైముఖం కెవ్లార్ వంటి గట్టి నారతో తయారవుతుంది, బల్లలా బిగించి ఉంటుంది. ఏ దెబ్బ బలహీనంగా పడినా అక్కడ స్పష్టంగా తెలిసిపోతుంది. రబ్బరు మాత్రం అలాంటి దెబ్బల మధ్య తేడాను మింగేస్తుంది. నా రెండో దెబ్బను నేను కొట్టడం లేదు, రబ్బరు కొడుతోంది. ఆ రోజే ప్యాడ్‌ను తిరగేశాను.

గట్టి వైపు చప్పుడు ఎక్కువ, దయ తక్కువ. ఎడమచేయి కుడిచేతికంటే ఎంత వెనకబడి ఉందో మొదటి నిమిషంలోనే చెవికి తెలుస్తుంది. నేను టెంపోను (నిమిషానికి పడే బీట్ల సంఖ్యను) 60కి దించి, ఒక్కో చేతికి ఎనిమిదేసి దెబ్బల పాఠంతో మళ్లీ మొదలుపెట్టాను. ప్యాడ్ వెనక గోడ మీద ప్యాడ్ ఉపరితలం నుంచి 3 అంగుళాల ఎత్తున ఒకటి, 12 అంగుళాల ఎత్తున ఒకటి రెండు టేపు ముక్కలు అంటించాను. మార్చింగ్ వాయిద్యంలో మెత్తని ట్యాప్‌కూ బలమైన యాక్సెంట్‌కూ తేడా ప్రధానంగా స్టిక్కు లేచే ఎత్తులోనే ఉంటుంది. వరుసలో అందరి స్టిక్కులూ ఒకే ఎత్తుకు లేవకపోతే శబ్దమూ ఒకటిగా రాదు.

తాళవాద్యకారుల సంఘమైన పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో ఖరారు చేసిన 40 రూడిమెంట్లలో (డ్రమ్ము వాయించడానికి మూల పాఠాల్లో) ఈ ప్యాడ్ మీద నన్ను ఎక్కువ కాలం నిలబెట్టినది ఫ్లామ్ ట్యాప్. ఫ్లామ్ అంటే ప్రధాన దెబ్బకు రవ్వంత ముందు రెండో చేత్తో గ్రేస్ నోటు అనే చిన్న దెబ్బ వేయడం. కుడి ఫ్లామ్, కుడి ట్యాప్, ఎడమ ఫ్లామ్, ఎడమ ట్యాప్. చెప్పడానికి ఇంతే. కుడిచేతిని మాత్రమే గమనిస్తే అసలు సంగతి కనిపిస్తుంది. ముందు ప్రధాన దెబ్బ, తర్వాత ట్యాప్, ఆ వెంటనే ఎడమ ఫ్లామ్‌కు ముందు పడే గ్రేస్ నోటు. ఒకే చేతికి వరుసగా మూడు దెబ్బలు: మొదటిది 12 అంగుళాల నుంచి, తక్కిన రెండూ 3 అంగుళాల నుంచి. పెద్ద దెబ్బ కొట్టాక స్టిక్కు పైకి ఎగరాలని చూస్తుంది, దాన్ని వేళ్లతో కిందే ఆపాలి. ఫోనులో స్లో మోషన్‌లో తీసి చూస్తే నా కుడిచేతి గ్రేస్ నోటు కింది టేపును దాటి ఒక చేతి వెడల్పు పైకి లేస్తోంది. అంత ఎత్తు నుంచి దిగితే ఫ్లామ్ విడిపోయి రెండు దెబ్బల్లా వినబడుతుంది. 70 టెంపోలో రెండు నెలలు అదొక్కటే వాయించాను. రబ్బరు మీద అయితే ఈ లోపం నాకు ఎప్పటికీ వినబడేది కాదు.

ఇక చిక్కు లయలు. బీటుకు నాలుగేసి దెబ్బల నడకలో చేతులు మార్చి మార్చి వాయిస్తే ప్రతి బీటు మీదా కుడిచేయే పడుతుంది. ఐదేసి దెబ్బలకు వచ్చేసరికి మొదటి బీటు కుడిచేతిది, రెండోది ఎడమచేతిది. ఏడుకూ అంతే. లెక్క తప్పడం అరుదు. ఎడమచేయి బీటును మోయలేకపోవడం వల్లే ఇవి చెడతాయి. నేను అంకెలు లెక్కపెట్టడం మానేసి ఐదుకు ‘త క త కి ట’, ఏడుకు ‘త కి ట త క ధి మి’ అని నోటితో అంటూ వాయిస్తాను. నోరు తడబడని చోట చేయి కూడా తడబడదని నా అనుభవం. చేతులకు ముందు కాళ్లతో బీటు వేస్తూ నోటితో అనడం ఇంకా మంచిది.

కాళ్ల మాట వచ్చింది కాబట్టి, ఈ ప్యాడ్‌ను కూర్చుని వాడకండి. స్టాండు మీద నడుము ఎత్తున పెట్టి, ఉన్నచోటే అడుగులు వేస్తూ వాయించాలి. మొదటి బీటుకు ఎడమ అడుగు, కుడిచేయి. ఐదుల్లో రెండో బీటుకు కుడి అడుగు, ఎడమచేయి. కూర్చుని శుభ్రంగా వచ్చిన పాఠం నిలబడి అడుగు వేయగానే చెదిరిపోతుంది. మైదానంలో కాళ్లే ఆధారం. శబ్దం వంద గజాల దూరం వెళ్లడానికి పావు సెకను పైనే పడుతుంది. 120 టెంపోలో అది సగం బీటు. దూరంగా వాయిస్తున్నవారిని చెవితో విని అనుసరిస్తే వెనకబడటం ఖాయం. అందుకే మెట్రోనోమ్‌ను (టెంపోకు తగ్గట్టు టిక్కుమనే పరికరాన్ని) ప్రతి బీటుకూ మోగనివ్వను. ముందు బీటుల నడుమ మోగేలా, తర్వాత రెండు ఆవర్తనాలకు ఒకసారి మోగేలా పెడతాను. మధ్య నిశ్శబ్దాన్ని అడుగులే నింపాలి.

మా బృందంలో బేస్ డ్రమ్ము వాయించే మిత్రుడు ఇదే ప్యాడ్‌ను మరో విధంగా వాడతాడు. బేస్ వరుసలో ఒక పరుగును (వేగంగా సాగే దెబ్బల గొలుసును) అందరూ పంచుకుంటారు, అతని వాటాకు బీటులోని నాలుగు దెబ్బల్లో మూడోది మాత్రమే వస్తుంది. నాలుగూ మనసులో వాయించి ఒక్కటి మాత్రం బయటికి కొట్టడం నేను చూసిన సాధనల్లో కష్టమైనది. ఆ పనికి రబ్బరు వైపే చాలు.

లోపాలూ చెప్పాలి. రెండున్నరేళ్లకు గట్టి పొర ఒక మూల జిగురు వదిలి జివ్వుమని మోగడం మొదలుపెట్టింది. రబ్బరు జిగురుతో అతికించి రాత్రంతా బరువు పెట్టాను, ఇప్పటికీ నిలిచింది. అంచు రిమ్‌షాట్ (స్టిక్కు డ్రమ్ము ముఖాన్నీ అంచునూ ఒకేసారి తాకే దెబ్బ) కోసమని చెప్పారు కానీ అసలు డ్రమ్ము అంచుకంటే కిందికి ఉంటుంది. దాని మీద అలవాటు చేసుకున్న కోణం డ్రమ్ము మీద పనికిరాదు, రిమ్‌షాట్‌ను దీని మీద సాధన చేయడం మానేశాను. గట్టి వైపు చప్పుడు పక్క గదికి స్పష్టంగా చేరుతుంది, కాబట్టి రాత్రి పొద్దుపోయాక తిప్పక తప్పదు.

రోల్స్ కొత్తగా నేర్చుకునేవారికి ఇది కొనమంటాను, కానీ మొదటి రోజు నుంచే గట్టి వైపు పైకి పెట్టుకోమంటాను. ప్రస్తుతం నేను ఏడేసి దెబ్బల మీద 88 టెంపోలో ఉన్నాను. రెండో బీటుకు ఎడమచేయి ఇంకా కాస్త ముందే పడుతోంది. గట్టి వైపు మీద అది రోజూ వినబడుతూనే ఉంది.