ఫ్రీబీఎస్‌డీలో రూట్‌కి ఎస్‌హెచ్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లో రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్) అకౌంట్‌కి ఏ షెల్ (మనం కొట్టే కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాం) పెట్టాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: సిస్టమ్‌తో పాటు వచ్చే ఎస్‌హెచ్ ఉంచేయండి. బ్యాష్ వద్దు, జెడ్ షెల్ వద్దు, ఫిష్ అసలే వద్దు. వాటిమీద నాకేం కోపం లేదు. నా సొంత అకౌంట్‌లో రోజూ వాడేది జెడ్ షెల్లే.

ఫ్రీబీఎస్‌డీలో ఏళ్ల తరబడి రూట్‌కి డిఫాల్ట్‌గా సీ షెల్ ఉండేది. 2023 నవంబర్‌లో వచ్చిన 14.0 వెర్షన్‌తో అది ఎస్‌హెచ్‌గా మారింది. నేను రెండిటితోనూ చాలాకాలం పనిచేశాను. చేత్తో టైప్ చేసుకున్నంతసేపు సీ షెల్ హాయిగానే ఉండేది. అవుట్‌పుట్‌ని ఫైల్‌కి పంపుతూ, ఎర్రర్లూ అందులోకే వెళ్లాలని అలవాటుగా 2>&1 అని కొడితే మాత్రం 'యాంబిగ్యుయస్ అవుట్‌పుట్ రీడైరెక్ట్' అని కసిరేది. కన్సోల్ ముందు కూర్చుని ఉంటే అది చికాకుతో పోతుంది. కానీ ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) పంపిన కమాండ్‌ని నడిపేది కూడా ఆ యూజర్ లాగిన్ షెల్లే. దాంతో, లినక్స్ మెషీన్లన్నిటిలో చక్కగా నడిచే బ్యాకప్ కమాండ్ ఫ్రీబీఎస్‌డీ దగ్గరికి రాగానే బోల్తా పడేది. రూట్‌కి నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ ఎందుకిచ్చారంటారా? కీతో, బ్యాకప్ మెషీన్‌కి మాత్రమే ఇచ్చాం లెండి.

ఎస్‌హెచ్‌తో ఆ గొడవ పోయింది. ఇంకో లాభం కూడా ఉంది. రూట్‌కి ఏ షెల్ పెట్టినా క్రాన్ (చెప్పిన టైముకి కమాండ్లు నడిపే సర్వీసు) మాత్రం మామూలుగా ఎస్‌హెచ్‌నే పిలుస్తుంది, సర్వీసులు లేపే స్క్రిప్టులూ ఎస్‌హెచ్‌వే. బ్యాష్‌లో పరీక్షించి క్రాన్‌లో పెట్టిన లైను రాత్రి పూట ఫెయిలయ్యే బాధ చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రాంప్ట్ దగ్గర వాడేదీ ఎస్‌హెచ్చే అయితే, పాత్ (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) సరిగ్గా ఇచ్చుకుంటే, అక్కడ నడిచింది చాలావరకు క్రాన్‌లోనూ నడుస్తుంది.

బ్యాష్‌ని రూట్‌కి ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. ఫ్రీబీఎస్‌డీలో అది బేస్ సిస్టమ్‌లో భాగం కాదు. ప్యాకేజీగా వేసుకోవాలి, యూఎస్‌ఆర్ లోకల్ ఫోల్డర్ కింద కూర్చుంటుంది, రీడ్‌లైన్ లాంటి లైబ్రరీలు ఉంటేనే లేస్తుంది. ఒక క్లయింట్ సర్వర్ నిర్వహణ మా చేతికి వచ్చేనాటికే రూట్‌కి బ్యాష్ పెట్టి ఉంది. ఆ తర్వాత వాళ్ల మనిషే మొదలుపెట్టిన ప్యాకేజీ అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి, రీడ్‌లైన్ లైబ్రరీ ఎగిరిపోయింది. పాస్‌వర్డ్ కరెక్టే, లాగిన్ కూడా అవుతోంది, కానీ షెల్ లేవక వెంటనే బయటికి తోసేస్తోంది. వీల్ గ్రూపులో (రూట్‌గా మారే అనుమతి ఉన్నవాళ్ల గ్రూపు) ఇంకో అకౌంట్ ఉండి ఉంటే, వేరే యూజర్‌గా మార్చే ఎస్‌యూ కమాండ్‌కి 'ఎం' ఆప్షన్ ఇచ్చి, సొంత షెల్‌తోనే రూట్‌గా మారిపోవచ్చు. అదీ లేదు. చివరికి రిపేర్ల కోసం ఉండే సింగిల్ యూజర్ మోడ్‌లోకి వెళ్లాల్సి వచ్చింది. అది పాస్‌వర్డ్ ఫైల్‌లో అకౌంట్‌కి రాసి ఉన్న షెల్‌ని పట్టించుకోదు. ఏ షెల్ కావాలని అడుగుతుంది, ఎంటర్ కొడితే ఎస్‌హెచ్ ఇస్తుంది. డిస్క్‌ని రాయడానికి వీలుగా మళ్లీ మౌంట్ చేసి, రూట్ షెల్ మార్చి బయటపడ్డాం. పని చిన్నదే, కానీ ఈలోపు సర్వర్ ఆగింది, క్లయింట్‌కి టెన్షన్.

ఇలాంటి వాటికే ఫ్రీబీఎస్‌డీలో టూర్ అనే అకౌంట్ పెట్టారు. రూట్ పేరునే తిరగేసి పెట్టారు, యూఐడీ (యూజర్ నంబరు) కూడా రూట్‌లాగే సున్నానే. రూట్‌ని కదపకుండా నచ్చిన షెల్ దానికి పెట్టుకోవచ్చు. కొన్నాళ్లు వాడి మానేశాను. సున్నా యూఐడీకి రెండు పాస్‌వర్డులు కాపాడుకోవడం, ఆడిట్ వచ్చినప్పుడల్లా ఇదేమిటో వివరించడం నావల్ల కాలేదు.

ఎస్‌హెచ్‌లో లోటు లేదనను. ట్యాబ్ కొడితే ఫైల్ పేర్లు వస్తాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ (ఫైల్ సిస్టమ్) డేటాసెట్ల పేర్లూ, కమాండ్ ఆప్షన్లూ మాత్రం మొత్తం మనమే కొట్టుకోవాలి. కంట్రోల్ ఆర్‌తో పాత కమాండ్లు వెతికే అలవాటున్నవాళ్లకి మొదట్లో చేయి విరిగినట్టే ఉంటుంది. కమాండ్ మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి పైబాణం నొక్కితే, వాటితో మొదలయ్యే పాతవి వస్తాయి. నాకిప్పుడు అదే అలవాటైంది. 14 నుంచి హిస్టరీ లాగౌట్ అయినా నిలుస్తోంది. అర్రేలు లేవు. అవి కావాల్సినంత పెద్ద పనైతే నేను పైథాన్‌కి వెళ్తాను.

ఇదంతా లినక్స్‌కి వర్తించదు. డెబియన్‌లో బ్యాష్ తప్పనిసరి ప్యాకేజీ, రూట్‌కి అదే వస్తుంది. అక్కడ దాన్ని కదిలించడమే అనవసరం.

రూట్‌గా ఉన్నప్పుడు జెడ్ షెల్ కావాలనిపిస్తే పేరు టైప్ చేసి లోపలికి వెళ్తాను, పనయ్యాక ఎగ్జిట్ కొడతాను. కొందరు ఆ శ్రమ కూడా ఎందుకని లాగిన్ కాగానే నడిచే రూట్ ప్రొఫైల్ ఫైల్‌లోనే ఎగ్జెక్ బ్యాష్ (ఎస్‌హెచ్ స్థానంలోకి బ్యాష్ రావాలి) అని రాసేస్తారు. అది రాస్తే పాస్‌వర్డ్ ఫైల్‌లో ఎస్‌హెచ్ ఉన్నా లాభం లేదు. లైబ్రరీ పోయిన రోజు ఎస్‌హెచ్‌ని తప్పించి వచ్చిన బ్యాష్ అక్కడికక్కడే చస్తుంది, సెషన్ మూసుకుపోతుంది.